నైట్రోజన్ టార్గెట్: గ్యాస్ పఫ్ మేలా, లిక్విడ్ జెట్ మేలా?

ఫోటాన్‌వేట:
మా ల్యాబ్‌లో జీవకణాల్ని చూడటానికి చిన్న సాఫ్ట్ ఎక్స్‌రే మైక్రోస్కోప్ కడుతున్నాం. వాటర్ విండోలో, అంటే 2.3 నుంచి 4.4 నానోమీటర్ల మధ్య. అక్కడ నీరు తక్కువ, కార్బన్ ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి రంగు అద్దకుండానే కణం కనిపిస్తుంది. మా దగ్గరున్నది 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్, 10 హెర్ట్జ్ (సెకనుకు పది పల్స్‌లు). దాంతో నైట్రోజన్‌ను కొడితే ప్లాస్మా పుట్టి ఎక్స్‌రేలు ఇస్తుంది. ఆ నైట్రోజన్‌ను షాట్‌కోసారి వాల్వ్‌తో గ్యాస్‌గా ఊదాలా (పఫ్), ఆగని సన్నటి ద్రవధారగా వదలాలా (జెట్) అన్నదే ప్రశ్న. గైడ్ గారు లిక్విడ్ జెట్ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జెట్‌పక్షం:
గైడ్ గారి మాటే సరైనది. మైక్రోస్కోప్‌కు కావలసింది బ్రైట్‌నెస్, అంటే చిన్న చోటు నుంచే ఎక్కువ కాంతి. జెట్ మందం కొన్ని పదుల మైక్రాన్లే, ప్లాస్మా కూడా చిన్న చుక్కలా ఉంటుంది. ద్రవం సాంద్రత ఎక్కువ కాబట్టి లేజర్ శక్తి అందులో బాగా దిగుతుంది. పఫ్‌లో చాలా శక్తి అటు నుంచి బయటికి పోతుంది. స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ యూనివర్సిటీ వాళ్లు ద్రవ నైట్రోజన్ జెట్‌తోనే 2.48 నానోమీటర్ల దగ్గర కణాల్ని చూశారు. చిప్‌ల ఫ్యాక్టరీల్లోనూ లేజర్‌తో కొట్టేది కరిగిన తగరం బిందువుల్నే కదా!

వాక్యూమ్‌మనిషి:
తగరాన్ని ఇక్కడికి తేవద్దండీ. దాన్ని ఎంచుకున్నది ద్రవమని కాదు. ఎనిమిది నుంచి పద్నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న తగరం అయాన్ల కాంతి 13.5 నానోమీటర్ల చుట్టూ పోగవుతుంది, మాలిబ్డినం-సిలికాన్ అద్దాలు పనిచేసేదీ అక్కడే. జినాన్ అనే వాయువు కాంతి బలంగా ఉండేది 11 నానోమీటర్ల దగ్గర. అది వర్ణపటం గొడవ, గ్యాస్-ద్రవం గొడవ కాదు.

ఇక జెట్. నేను రెండేళ్లు నడిపాను. వాక్యూమ్‌లోకి రాగానే ద్రవం ఆవిరవుతూ చల్లబడి గడ్డకడుతుంది. నాజిల్‌లో చిన్న నలుసు చేరినా జెట్ వంకర పోతుంది. తన మందమంత పక్కకు జరిగితే చాలు, లేజర్ గురి తప్పుతుంది. పైగా 10 హెర్ట్జ్‌లో రెండు షాట్ల మధ్య పారిన నైట్రోజన్ అంతా వాక్యూమ్ పంపుకు బరువే. సెకనుకు వందలు, వేల పల్స్‌లు ఇచ్చే లేజర్ ఉన్నవాళ్లకు ఆ ఖర్చు గిట్టుతుంది, మీకు గిట్టదు. పఫ్ వాల్వ్ అయితే షాట్‌కు మాత్రమే తెరుచుకుంటుంది.

జెట్‌పక్షం:
ఒప్పుకుంటాను. కానీ పఫ్‌లో పెద్ద సమస్య చెప్పలేదు మీరు. నైట్రోజన్ కె-అంచు సుమారు 3.03 నానోమీటర్ల దగ్గర ఉంది, ఆ హద్దుకు కాస్త కిందున్న తరంగదైర్ఘ్యాల్ని నైట్రోజన్ గట్టిగా పీల్చుకుంటుంది. ప్లాస్మా వర్ణపటంలో వాడుకునే 2.88 నానోమీటర్ల గీత అంతకంటే చిన్న తరంగదైర్ఘ్యం. అంటే చుట్టూ ఉన్న చల్లని నైట్రోజనే దాన్ని మింగేస్తుంది.

వాక్యూమ్‌మనిషి:
అందుకే వార్సాలోని మిలిటరీ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు రెండు వరుసల నాజిల్ పెట్టారు. లోపల నైట్రోజన్, చుట్టూ హీలియం. హీలియం దాన్ని పక్కకు పరుచుకోనివ్వదు, తాను పీల్చేదీ తక్కువే. 2.88 గీతతో 10 హెర్ట్జ్ లేజర్ మీదే వాళ్లు మైక్రోస్కోప్ నడిపారు. మీ లేజరూ అదే వేగం.

ఫోటాన్‌వేట:
ఇది గైడ్ గారికి చూపిస్తాను. మాకు ఎక్స్‌పోజర్ నిమిషాలు పట్టినా పర్లేదు, ఎండబెట్టిన శాంపిల్సే ముందు చూసేది. హీలియం ప్రెషర్ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?