"ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితాను తిరిగి ఇస్తుంది": ఈ వాక్యం సరేనా?

ప్రశ్న:
క్లౌడ్ స్టోరేజీలో ఏ ఫైళ్లున్నాయో చూసే టూల్‌కి తెలుగులో వివరణ రాస్తున్నాం. చదివేది ముందు ఏఐ ఏజెంట్ (టూల్స్‌ని తనే పిలిచి పనిచేసే ప్రోగ్రామ్), తర్వాత మనుషులు. టూల్ లోపలి కోడ్ ఏజెంట్‌కి కనబడదు. ఎప్పుడు పిలవాలో, ఏం పంపాలో ఈ వివరణ చూసే తేల్చుకుంటుంది. ఇప్పుడున్నది ఇదీ: "ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితాను తిరిగి ఇస్తుంది. టోకెన్‌తో తర్వాతి పేజీ పొందవచ్చు." టోకెన్ అంటే తర్వాతి పేజీ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే గుర్తు. వ్యాకరణం బాగానే ఉంది. అర్థం ఒక్కటే వస్తోందా?

జవాబు:
ముందు "తిరిగి" తీసేయండి. తిరిగి ఇవ్వడమంటే తీసుకున్నది వాపసు చేయడం. అప్పు తిరిగి ఇస్తాం, ఎరువు తెచ్చుకున్న పుస్తకం తిరిగి ఇస్తాం. ఈ టూల్ దగ్గర ఎవరూ ఏమీ దాచుకోలేదు కదా. పైగా "తిరిగి" అంటే "మళ్లీ" అని కూడా. "తర్వాతి పేజీ తిరిగి ఇస్తుంది" అని రాస్తే పాత పేజీయే మళ్లీ వస్తుందేమో అనిపిస్తుంది. "ఇస్తుంది" చాలు.

జవాబు:
దానికన్నా ప్రమాదం "లోని". "ఇంట్లోని సామాను" అంటే బీరువాలో పెట్టెలో ఉన్నదీ లెక్కలోకి వస్తుంది. ఎంత లోతు అన్నది "లో" చెప్పదు. స్టోరేజీని బట్టి ఈ మాట రాయాలి.

అమెజాన్ క్లౌడ్ స్టోరేజీ ఎస్3లో ఫైళ్లు దాచే చోటుని బకెట్ అంటారు. సాధారణ బకెట్లలో అసలు ఫోల్డర్లే లేవు. "నివేదికలు/2024/జనవరి" అంతా కలిపి ఒకే పేరు, దాన్నే కీ అంటారు. ప్రిఫిక్స్ (పేరు మొదటి భాగం) ఇస్తే ఆ అక్షరాలతో మొదలయ్యే కీలన్నీ, ఎంత లోతున ఉన్నా, వచ్చేస్తాయి. డిలిమిటర్‌గా, అంటే పేరుని మెట్లుగా విడదీసే గుర్తుగా, స్లాష్ కూడా ఇస్తేనే కింది మెట్లు ముడుచుకుని కామన్ ప్రిఫిక్సులుగా విడిగా వస్తాయి. చివరి స్లాష్ మరిచి "నివేదికలు/2024" అని పంపితే "నివేదికలు/2024-పాతవి/" కూడా వలలో పడుతుంది. కాబట్టి ఇక్కడ "లోని" అబద్ధం, "తో మొదలయ్యే" నిజం.

గూగుల్ డ్రైవ్ వేరు. ఫోల్డర్ ఐడీని పేరెంట్‌గా (పై ఫోల్డర్‌గా) ఇచ్చి అడిగితే నేరుగా దానిలో ఉన్నవే వస్తాయి, ఉపఫోల్డర్లలోకి దిగదు. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండొచ్చు. అందుకే ఏజెంట్ పేరు పట్టుకుని కాదు, ఐడీ పట్టుకుని నడవాలి. ట్రాష్‌లో పడేసినవి వద్దని విడిగా చెప్పకపోతే అవీ వస్తాయి, "ఉన్న ఫైళ్లు" అన్నంత మాత్రాన చాలదు. డ్రాప్‌బాక్స్‌లో రూట్‌ని, అంటే అన్నిటికన్నా పై ఫోల్డర్‌ని, అడగాలంటే పాత్‌గా (ఫోల్డర్ చిరునామాగా) ఖాళీ స్ట్రింగ్ పంపాలి, స్లాష్ కాదు.

ప్రశ్న వేసినవారు:
"జాబితా" మాటకి ఇబ్బంది లేదు కదా? "ఏకరువు పెడుతుంది" అని కూడా ఒకరు సూచించారు.

జవాబు:
ఏకరువు పెట్టడమంటే ఒక్కటీ విడవకుండా చెప్పుకుపోవడం, అందులో కాస్త విసుగు కూడా ధ్వనిస్తుంది. వద్దండీ.

జాబితాకీ ఇబ్బంది ఉంది. "అర్హుల జాబితాలో పేరు లేదు" అంటే అర్హత లేదనే కదా? జాబితా అంటేనే పూర్తిది అని మన మనసులో ఉంటుంది. ఎస్3 ఒక్క పిలుపుకి 1000 కీలకు మించి ఇవ్వదు. డ్రైవ్ అయితే పేజీ సైజు చెప్పకపోతే 100, గరిష్ఠంగా 1000. ఏజెంట్ మొదటి పేజీ చూసి "ఆ ఫైల్ లేదు" అని తేల్చేస్తుంది, లేదంటే ఉన్నదే మళ్లీ సృష్టిస్తుంది. "జాబితాలో ఒక పేజీ" అని రాయండి.

ఇంకో మాట, "పొందవచ్చు". ఈ "వచ్చు"లో అనుమతి ఉంది, సంభావ్యతా ఉంది. "వెళ్లవచ్చు" అంటే వెళ్లడానికి అడ్డులేదని ఒక అర్థం, వెళ్తారేమో అని ఇంకొకటి. టోకెన్ దగ్గర రెండూ తప్పే, అక్కడ తర్వాతి పేజీ అడగాల్సిందే. వివరణ మొత్తంలో "వచ్చు"ని సంభావ్యతకే ఉంచండి: "పేజీ ఖాళీగా రావచ్చు". డ్రైవ్‌లో అది నిజంగానే జరుగుతుంది, చివరికి చేరకముందే సగం పేజీ గానీ ఖాళీ పేజీ గానీ రావచ్చు. ఐచ్ఛికమైన పారామీటర్‌కి (టూల్‌కి పంపే విలువకి) "ఇవ్వకపోయినా పనిచేస్తుంది" అనండి. తప్పనిసరి అయితే "పంపాలి".

జవాబు:
"లేదు" గురించి కూడా చూసుకోండి. ఫోల్డర్ ఖాళీ, ఫోల్డర్ దొరకలేదు, చూసే అనుమతి లేదు: మూడింటికీ "ఫైళ్లు లేవు" అనే జవాబు వస్తే ఏజెంట్ తేడా పట్టలేదు. ఎస్3లో అక్షరం తప్పిన ప్రిఫిక్స్ అడిగినా ఎర్రర్ రాదు, 200తో (అంతా సరే అనే కోడ్‌తో) ఖాళీ జవాబే వస్తుంది. "ఖాళీగా వస్తే ప్రిఫిక్స్ స్పెల్లింగ్ సరిచూడు" అని వివరణలోనే రాయాలి.

ప్రశ్న వేసినవారు:
మాది ఎస్3, డిలిమిటర్‌గా స్లాష్ టూలే పంపుతుంది. అన్నీ కలిపితే ఇలా వచ్చింది:
"ఇచ్చిన ప్రిఫిక్స్‌తో మొదలయ్యే కీల జాబితాలో ఒక పేజీ ఇస్తుంది, గరిష్ఠంగా 1000. ఉపఫోల్డర్లలోకి దిగదు, వాటి పేర్లు విడిగా ఇస్తుంది. ప్రిఫిక్స్ చివర స్లాష్ ఉండాలి. జవాబులో తర్వాతి టోకెన్ ఉంటే జాబితా ముగియలేదు; అది రాకుండా పోయే దాకా, వచ్చిన టోకెన్‌ని మార్చకుండా పంపుతూ పిలవాలి. అంతవరకూ ఫైల్ లేదని చెప్పకూడదు. ఖాళీగా వస్తే ప్రిఫిక్స్ స్పెల్లింగ్ సరిచూడాలి. కీలు అకారాది క్రమంలో వస్తాయి."

జవాబు:
చివరి వాక్యం ఒక్కటి మార్చండి. అవి వచ్చేది యూటీఎఫ్-8 బైట్ల క్రమంలో, అంటే కంప్యూటర్ అక్షరాలకి వాడే సంఖ్యల వరుసలో. "10" ముందు, "2" తర్వాత వస్తాయి. తెలుగు పేర్లకైతే తేడా ఇంకా స్పష్టం: యూనికోడ్‌లో (అక్షరాలకి సంఖ్యలిచ్చే ప్రమాణంలో) ళ, వ కంటే ముందుంది, ఱ వచ్చి ర పక్కన కూర్చుంది. మన వర్ణమాలలో ఆ రెండూ హ తర్వాత వస్తాయి. "అకారాది" అని చదివిన ఏజెంట్ హ దాటాక ళ కోసం ఎదురుచూస్తుంది. "యూటీఎఫ్-8 బైట్ల క్రమంలో" అనే రాయండి.