కుక్కపిల్లని తెచ్చి 9 రోజులైంది, ఇద్దరికీ నిద్ర లేదు, తప్పు చేశామా?

నిద్రలేని_జీవి

అందరికీ నమస్కారం, పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మేమిద్దరం ఎప్పట్నుంచో అనుకుని అనుకుని మొత్తానికి షెల్టర్ నుంచి ఒక కుక్కపిల్లని దత్తత తీసుకున్నాం. వయసు 9 వారాలు ఉంటుందన్నారు. ఏ జాతో ఎవరికీ తెలీదు, ఒక చెవి నిలబడి ఉంటది ఇంకోటి వాలిపోయి ఉంటది, పేరు గుండు. ఇద్దరికీ ఇదే మొదటి కుక్క. తెచ్చేముందు వీడియోలు అవీ బాగానే చూశాం గానీ వాటిలో అన్ని కుక్కపిల్లలూ పడుకునే ఉన్నాయి, మాది తప్ప.

రాత్రి హాల్లో దానికి మెత్తటి పరుపు వేసి తలుపు దగ్గరికి వేస్తున్నాం. పదకొండింటికి మొదలుపెడుతుంది ఏడుపు, ఏడుపంటే మామూలుగా కాదు, ఎవరో చంపుతున్నట్టు. కాసేపు ఆగి మా ఆవిడ వెళ్ళి ఎత్తుకుంటుంది, ఎత్తుకుంటే నిమిషంలో పడుకుంటుంది, కింద పెట్టగానే మళ్ళీ మొదలు. రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి. పగలేమో బాల్కనీలో ఇరవై నిమిషాలు నిలబెడితే ఆకులు వాసన చూస్తూ కూర్చుంటుంది, లోపలికి తేగానే హాల్ మధ్యలో నా మొహం చూస్తూ మరీ పోస్తుంది. సాయంత్రం ఏడు దాటిందంటే ఇంకో అవతారం, సోఫా చుట్టూ గిరగిరా తిరిగి పైజామా పట్టుకుని లాగడం, మడమలు కొరకడం. వద్దు అని అరిస్తే ఇంకా రెచ్చిపోతుంది. చేతులు చూస్తే ముళ్ళకంపలో పడ్డట్టున్నాయి.

అసలు సంగతి ఏంటంటే, నిన్న రాత్రి మూడింటికి నేల తుడుస్తూ, తిరిగి ఇచ్చేద్దామా అని నోరు జారాను. మా ఆవిడ ఏమీ అనలేదు, ఏడ్చింది. తనకీ అదే అనిపిస్తోందట, కానీ చెప్పడానికి సిగ్గేసిందట. ఇది అందరికీ ఇలాగే ఉంటుందా లేక మేమే పనికిరామా? ఇంకోటి, టీకాలు పూర్తయ్యేదాకా బయట నేల మీద దింపొద్దని డాక్టర్ అంటున్నారు, ఇప్పుడే నాలుగూ చూపించకపోతే పిరికిదవుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

---

బ్రౌనీ_వాళ్ళమ్మ

ముందు ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకోండి. మా బ్రౌనీని తెచ్చిన రెండో వారం నేను బాత్రూంలో కుళాయి తిప్పుకుని కూర్చుని ఏడ్చాను, బయటికి వినపడకుండా. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని పప్పీ బ్లూస్ అని పేరు కూడా పెట్టుకున్నారంటే ఎంతమందికి వస్తుందో చూడండి. ఇప్పుడు దానికి నాలుగేళ్ళు, నేనీ ముక్కలు టైప్ చేస్తుంటే నా కాలి మీద గడ్డం ఆనించి గురక పెడుతోంది.

రాత్రి ఏడుపు గురించి. ఆ పిల్ల మొన్నమొన్నటిదాకా తోబుట్టువుల మీద పొర్లుతూ కుప్పలో పడుకుంది, తల పెట్టుకోడానికి ఎవరిదో ఒకరి పొట్ట ఉండేది. ఇప్పుడు ఒక్కసారిగా చీకటి హాలు, మూసిన తలుపు. ఏడవక ఏం చేస్తుంది? దాని పరుపుని మీ మంచం పక్కకి తెచ్చుకోండి, క్రేట్ (కుక్కపిల్ల పడుకునే బోనులాంటిది) ఉంటే క్రేట్‌లో, లేకపోతే ఎత్తైన అంచులున్న అట్టపెట్టె అయినా చాలు ఇప్పటికి. ఏడిస్తే లేవకండి, చెయ్యి కిందికి వేలాడేయండి, వాసన చూసుకుని పడుకుంటుంది. అలవాటయ్యాక రోజుకి ఒక అడుగు చొప్పున తలుపు వైపు జరుపుకుంటూ పోవచ్చు, మేం నెల పట్టించాం.

ఇంకోటి, అది ఏడ్చాక లేవకండి, మీరే అలారం పెట్టుకుని దానికంటే ముందు లేవండి. నెలల్లో దాని వయసెంతో దానికి ఒకటి కలపండి, అన్ని గంటలు ఆపుకోగలదు, అదీ మహా అయితే. అంటే గుండుకి మూడు గంటలు. లైటు వెయ్యకండి, ముద్దులాడకండి, ఎత్తుకెళ్ళి పని కానిచ్చి మళ్ళీ పడుకోబెట్టెయ్యండి. రాత్రిపూట మీరు ఎంత బోరుగా ఉంటే అంత మంచిది.

---

పాతకాపు

ఏడిస్తే ఏడవనివ్వండి, మూడు రాత్రులు చెవుల్లో దూది పెట్టుకుంటే అదే మానుతుంది. మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ కుక్కలే, ఏ క్రేట్లూ అలారాలూ లేవు, ఒక్కటి కూడా చెడిపోలేదు. ఈ కాలం వాళ్ళు కుక్కని పెంచమంటే పీహెచ్‌డీ చేస్తున్నారు.

---

మూడుకుక్కల_ముఠా

పాతకాపు గారూ, మీ కుక్కలు మంచివే అయ్యుంటాయి, కాదనను. కానీ ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్ల ధైర్యం వచ్చి ఊరుకుందో, ఎవరూ రారని తెలిసి ఊరుకుందో బయటికి ఒకేలా కనిపిస్తుంది. పైగా 9 వారాల పిల్ల నిజంగానే ఒకటికి వచ్చి ఏడుస్తుంటే చెవుల్లో దూది పెట్టుకుంటే పొద్దున పరుపు ఎవరు ఉతుకుతారు?

బ్రదర్, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను, నాకు ఒకే ఒక్క డౌటు. గుండు రోజు మొత్తం మీద ఎన్ని గంటలు పడుకుంటోంది? అందాజాగా చెప్పొద్దు, ఒకరోజు కాగితం పెట్టుకుని లెక్క రాయండి. ఈ వయసు పిల్లలకి రోజుకి 18 నుంచి 20 గంటల నిద్ర కావాలి. తప్పు రాయలేదు, ఇరవయ్యే. మీకు నిద్ర లేదు అని రాశారు, నాకు తెలిసి దానికీ లేదు. సాయంత్రం ఏడింటికి వచ్చే ఆ అవతారం ఆటా కాదు పొగరూ కాదు, అలిసిపోయి పడుకోవడం చేతకాక పిచ్చెక్కిపోవడం. పసిపిల్లలు నిద్రముంచుకొచ్చినప్పుడు కారణం లేకుండా కాళ్ళు తపతపా కొట్టుకుంటూ ఏడుస్తారే, సేమ్ అదే. పిల్లలకి పళ్ళు ఇంత పదునుగా ఉండవు, అంతే తేడా.

మా మూడో దాంతో నేను నేర్చుకున్నది ఇది: సుమారు ఒక గంట మెలకువ, తర్వాత రెండు గంటల దాకా పడక. అదంతట అది పడుకోదు, మనమే పడుకోబెట్టాలి. గంట దాటుతుంటే కనిపెట్టండి, పిలిస్తే వినదు, కళ్ళు ఎర్రబడతాయి, కొరకడం గట్టిపడుతుంది. అప్పుడు కొత్త బొమ్మ ఇచ్చి ఆడించకండి, క్రేట్‌లో పెట్టి పైన దుప్పటి కప్పి మీరూ పక్కనే కదలకుండా కూర్చోండి. రెండు నిమిషాలు గొణుగుతుంది, మూడో నిమిషంలో ధడేల్‌మని పక్కకి పడిపోతుంది, నమ్మలేరు.

కొరకడం అప్పటికీ ఉంటుంది, మొత్తం పోదు. 28 పాలపళ్ళు, అన్నీ సూదులే, నాలుగో నెలలో ఊడటం మొదలై ఆరేడు నెలలకి పెద్ద పళ్ళు వచ్చేస్తాయి. అందాకా చెయ్యి గభాల్న వెనక్కి లాక్కోకండి, లాగితే దానికి అదో వేట. చెయ్యి కట్టెలా బిగించేసి నోటికి బొమ్మ అందించండి. అయినా వదలకపోతే మాట్లాడకుండా లేచి గేటు అవతలికి వెళ్ళి అరనిమిషం నిలబడి రండి. అరవడం మాత్రం వద్దు, మీరు కూడా మొరుగుతున్నారనుకుని మురిసిపోతుంది.

ఒంటికి పోసే సంగతి. లేవగానే, తినగానే, ఆడగానే, ఈ మూడు టైముల్లో తీసుకెళ్ళండి. బాల్కనీలో మీరు స్తంభంలా నిలబడండి, ఐదు నిమిషాల్లో పొయ్యకపోతే లోపలికి తెచ్చి కింద వదలొద్దు, ఒళ్ళో పెట్టుకోండి లేదా క్రేట్‌లో పెట్టండి, పది నిమిషాలాగి మళ్ళీ తీసుకెళ్ళండి. పోసిన మరుక్షణం, అక్కడే, ట్రీట్ నోట్లో పడాలి. లోపలికొచ్చాక ఇస్తే లోపలికి రావడానికి ఇచ్చారనుకుంటుంది, మా మొదటి దాంతో రెండు నెలలు ఆ తప్పే చేశాను. హాల్లో పోసిన చోట ఫినాయిల్ పెట్టి తుడిస్తే మనకి ఫినాయిల్ వాసనే వస్తుంది గానీ దానికి కింద ఉన్న దాని వాసన తెలుస్తూనే ఉంటుంది. ఎంజైమ్ క్లీనర్ అని పెంపుడు జంతువుల కోసం వేరే అమ్ముతారు, అది వాడండి. ముక్కు అందులో రాసి తిట్టమని ఎవరైనా చెప్తే వినకండి, అది నేర్చుకునేది ఒక్కటే, మీరు చూడకుండా సోఫా వెనక పొయ్యాలని.

---

నిద్రలేని_జీవి

అన్నా ఇవాళ లెక్క రాశాం. మొత్తం కలిపి 11 గంటలు!! కాగితం చూసి ఇద్దరం నోరెళ్ళబెట్టాం. అది కాస్త కళ్ళు మూస్తే చాలు అబ్బా ఎంత ముద్దుగా పడుకుందో అని నేనో ఫోటో, తనో ఫోటో, ఆ అలికిడికి అది లేవడం. దానికి తోడు చూడ్డానికి వచ్చేవాళ్ళు, వచ్చినవాళ్ళందరూ ఎత్తుకోవాలి. ఇవాళ మధ్యాహ్నం దుప్పటి కప్పి చూశాం, మీరన్నట్టే మూడో నిమిషంలో ధడేల్. రెండు గంటలు ఇల్లంతా నిశ్శబ్దం, ఏం చెయ్యాలో తెలీక మేమిద్దరం గుసగుసగా మాట్లాడుకుంటూ కూర్చున్నాం.

---

క్లినిక్_కౌంటర్

నేను డాక్టర్ని కాదు, పశువైద్యుల దగ్గర అసిస్టెంట్‌గా ఆరేళ్ళు చేశాను, ఆ టీకాల ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి చెప్తున్నా. మీ డాక్టరూ మీ ఫ్రెండూ ఇద్దరూ కరెక్టే.

తల్లి పాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటాయి, అవి ఉన్నంతకాలం టీకాని పని చెయ్యనివ్వవు. అవి ఎప్పుడు తగ్గుతాయో ఒక్కో పిల్లకి ఒక్కోలా, అందుకే 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి 2 నుంచి 4 వారాలకోసారి మళ్ళీ మళ్ళీ వేస్తారు, కనీసం 16 వారాల వయసు దాకా. ఒక డోసు పడింది కదా అని ధైర్యం పడి రోడ్డు మీద దింపి, పార్వో అనే వైరస్ జబ్బుతో మా దగ్గరికి తెచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు సబ్బు నీళ్ళకి చావదు, మన చెప్పులకి అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది. వాంతులు, రక్త విరేచనాలు, తిండి ముట్టకపోవడం, వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

అలాగని ఇంట్లో మూసిపెడితే అదీ నష్టమే. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల ఏది చూస్తే దాన్ని మామూలే అనుకుంటుంది, ఆ తర్వాత కొత్తదేదైనా ముందు అనుమానమే. టీకాల వయసూ ఇదే, అక్కడే వస్తుంది తంటా. కాబట్టి చంకనేసుకుని తిప్పండి. బండ్ల శబ్దం, గొడుగు, టోపీ పెట్టుకున్న మనిషి, సైకిలు, ఏడ్చే పిల్లాడు, అన్నీ చూపించండి, నేల మీద పాదం పెట్టనివ్వొద్దు. టీకాలన్నీ వేసిన పెద్ద కుక్క తెలిసినవాళ్ళింట్లో ఉంటే దాన్ని కలవొచ్చు.

ఇంకోటి, అడగలేదు గానీ చెప్పాలి. చేతులు ముళ్ళకంపలో పడ్డట్టున్నాయన్నారు. రక్తం వచ్చిందా? రేబిస్ టీకా మామూలుగా 12 వారాలు నిండాక వేస్తారు, అంటే దానికింకా పడలేదు, పైగా షెల్టర్‌కి రాకముందు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. చర్మం గీరుకున్న చోట ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, తర్వాత మనుషుల డాక్టర్ని కలిసి ఉన్నదున్నట్టు చెప్పండి, ఇంజెక్షన్లు కావాలో వద్దో వాళ్ళు చెప్తారు. చిన్న పిల్లే కదా అని వదిలెయ్యకండి, ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. డీవార్మింగ్, అంటే కడుపులో పురుగుల మందు, ఎప్పుడు వేశారో షెల్టర్ కాగితాల్లో చూడండి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి అందకుండా పెట్టండి, మనం జ్వరానికి వేసుకునే బిళ్ళలు మాత్రం పొరపాటున కూడా ఇవ్వొద్దు.

---

పాతకాపు

రేబిస్ విషయం బాగా చెప్పారు, అది మేం చిన్నప్పుడు పట్టించుకోలేదు, ఇప్పుడు తలుచుకుంటే గుండె గుభేలుమంటోంది. క్రేట్ సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోను.

---

నిద్రలేని_జీవి

18 రోజుల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా, లేట్ అయినందుకు సారీ. ఆ మర్నాడే ఇద్దరం వెళ్ళి డాక్టర్‌కి చేతులు చూపించాం, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, చెప్పినందుకు క్లినిక్_కౌంటర్ గారికి దండం. గుండుకి రెండో డోసు అయిపోయింది.

నిద్ర ఇప్పుడు 17 గంటలు వస్తోంది, ఇరవై ఇంకా రాలేదు. మంచం పక్కన పెట్టిన మొదటి రాత్రి చెయ్యి వేలాడేసి నేనే అలా నిద్రపోయాను, పొద్దున చెయ్యి తిమ్మిరెక్కి కదల్లేదు గానీ ఏడుపు ఒక్కసారే. మొన్న మొదటిసారి ఏకంగా ఐదు గంటలు పడుకుంది, అలారం కూడా మోగలేదు, మా ఆవిడ ఉలిక్కిపడి లేచి ఊపిరి తీస్తోందా లేదా అని ఫోన్ లైటు వేసి చూసింది, దాంతో అది లేచి కూర్చుంది. హాల్లో పొయ్యడం రోజుకి ఒకసారికి తగ్గింది, ఆ ఒక్కసారీ తప్పు మాదే, ఫోన్ చూస్తూ టైం మర్చిపోవడం. సాయంత్రం అవతారం మాత్రం ఇంకా వస్తుంది, ఆరున్నరకే దుప్పటి కప్పితే రాదు, ఆరూ ముప్పావు అయితే వస్తుంది. అంత కచ్చితంగా ఎలా తెలుస్తుందో దానికి.

తిరిగి ఇచ్చే మాట మళ్ళీ రాలేదు. అంటే నాకు రెండుసార్లు వచ్చింది, మా ఆవిడకి చెప్పలేదు.

ఒక ప్రశ్న, కారు ఎక్కిస్తే పది నిమిషాల్లో కక్కేస్తోంది, డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఇదే. ఇక్కడే అడగనా, కొత్త థ్రెడ్ పెట్టనా?

---

మూడుకుక్కల_ముఠా

రెండుసార్లే వచ్చిందంటే మీరు నాకంటే నయం. కారు సంగతికి కొత్తది పెట్టండి, చాలామందికి పనికొస్తుంది. ఈలోపు బయల్దేరే ముందు రెండు మూడు గంటలు తిండి పెట్టకండి, కిటికీ కాస్త దించండి, ఒళ్ళో కాకుండా క్రేట్‌లో పెట్టి సీటుకి కట్టండి. ఖాళీగా ఆగి ఉన్న కారులో రోజూ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ట్రీట్ ఇచ్చి దింపేయండి, ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు ఇప్పుడే. పాత టవల్ ఒకటి డిక్కీలో పడేసి ఉంచుకోండి, రెండైతే ఇంకా మంచిది.