పాదాలున్న లావాటి ఇంగ్లీషు అక్షరాలు: పుట్టుక, పక్కన తెలుగు

ప్రశ్న (అమలాపురం నుంచి)

మిత్రులందరికీ నమస్కారం. మా నాన్నగారి ట్రెడిల్ ప్రెస్సును కిందటి నెల ఖాళీ చేస్తుండగా అడుగు అరలో ఒక పెట్టెడు ఇంగ్లీషు చెక్క అక్షరాలు దొరికాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూస్తే ఒక్కొక్కటి అరచేయంత ఉంది. గీతలన్నీ దాదాపు ఒకే మందంలో ఉండి, ప్రతి గీత చివరా ఇటుక పేర్చినట్టు బల్లపరుపు పాదం ఉంది. 'హెచ్' పాదం ఒక మూల అరిగిపోయినా అక్షరం రూపు చెడలేదు. తిరునాళ్ల పోస్టర్లు వీటితోనే వేసేవాళ్లమని నాన్నగారు చెప్పేవారు. ఇప్పుడు ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం చేస్తున్న మా బావగారు తమ కొత్త అట్టపెట్టె మీద పేరును ఈ తరహాలోనే ఇంగ్లీషులోనూ తెలుగులోనూ వేయమంటున్నారు. ఈ రకం ఎక్కడ పుట్టింది? చూడగానే కన్ను అక్కడే ఎందుకు ఆగుతుంది? తెలుగు అక్షరాలకు కూడా ఇలాంటి పాదాలు తగిలించవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (రాజమహేంద్రవరం నుంచి)

అయ్యా, నేను ముప్పై ఏళ్లకు పైగా కంపోజింగ్ చేసినవాణ్ణి. మీకు దొరికినవాటిని స్లాబ్ సెరిఫ్ అంటారు. ఇవి పుస్తకం కోసం కాక వీధి కోసం పుట్టిన అక్షరాలు. అంతకుముందు ఐరోపాలో చెలామణీలో ఉన్న అక్షరాలలో నిలువు గీత లావుగా, అడ్డగీత వెంట్రుకంత సన్నగా ఉండేది. దగ్గర పెట్టుకుని చదివే పుస్తకంలో అది అందమే కానీ, గోడ మీది ప్రకటనలో ఆ సన్నగీత దూరానికి కనబడదు. లండనులో వ్యాపార ప్రకటనలు పెరిగిన 1810ల్లో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే అచ్చుల తయారీదారు సన్నగీతలను కూడా లావు చేసి, పాదాలను దిమ్మెల్లా మలిచి, ఆ రకానికి 'యాంటిక్' అని పేరు పెట్టాడు. 1821లో విలియం థోరోగుడ్ ఇదే తరహాను 'ఈజిప్షియన్' అని అమ్మాడు. నెపోలియన్ 1798లో ఈజిప్టు మీదికి దండెత్తిన తరువాత ఆ దేశపు వస్తువులంటే ఐరోపా అంతటా మోజు పుట్టింది. ఈ పేరు ఆ మోజులోంచి వచ్చిందే కానీ, అక్షరాలకూ ఈజిప్టు లిపికీ చుట్టరికం లేదు.

1845లో రాబర్ట్ బెస్లీ 'క్లారెండన్' తెచ్చాడు. మామూలు అక్షరాల వరుసలో ఒక మాటను ఎత్తిచూపడానికి పక్కనే కూర్చునే బొద్దు అక్షరంగా దాన్ని తీర్చారు. చట్టప్రకారం నమోదు చేయించినా రక్షణ మూడేళ్లే కాబట్టి, గడువు తీరగానే తక్కినవారందరూ నకళ్లు దింపారు. మీ పెట్టెలోవి ఏ తెగవో తెలుసుకోవాలంటే పాదం నిలువు గీతను తాకే చోట వేలు పెట్టి చూడండి. అక్కడ నిక్కచ్చిగా మూల ఉంటే ఈజిప్షియన్ తరహా, చిన్న వంపు తిరిగి కలిస్తే క్లారెండన్ తరహా.

ఇక చెక్క సంగతి. అంత పెద్ద అక్షరాన్ని సీసంలో పోస్తే బరువూ ఖర్చూ భరించలేము. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ చెక్కను తొలిచే యంత్రంతో అక్షరాలు కోయడం మొదలుపెట్టాక పోస్టరు అక్షరానికి పరిమాణమనే హద్దు పోయింది. ఇంకు ఎక్కువైనా, కాగితం గరుకుగా ఉన్నా, పాదం అరిగినా ఈ అక్షరం తట్టుకుంటుంది. కన్ను ఆగడానికి కారణం కూడా, నా అనుభవంలో, ఆ నిలకడే. పాదాలన్నీ కలిసి మాట కింద ఒక గట్టు వేసినట్టుంటుంది.

జవాబు 2 (భీమవరం నుంచి)

పై పెద్దాయన మాటకు తెలుగు వైపు నుంచి కొంత చేరుస్తాను. తెలుగుకు పాదాలు తగిలించవద్దని నా గట్టి అభిప్రాయం. మన లిపి తాటాకు మీద గంటంతో గీసిన రోజుల నుంచే గీతంతా ఇంచుమించు ఒకే మందంతో సాగింది. స్లాబ్ సెరిఫ్ కష్టపడి సంపాదించుకున్న గుణం మనకు పుట్టుకతోనే ఉంది కనుక, రెండింటి మధ్య కలపవలసింది మందాన్నే. ఇంగ్లీషు నిలువు గీత ఎంత లావుంటే తెలుగు గీత అంతకంటే ఒక పిసరు తక్కువ ఉంచండి, ఎందుకంటే గుండ్రటి అక్షరం లోపల ఖాళీ త్వరగా పూడుకుపోతుంది. మీ మాట 'పూతరేకులు' కాబట్టి మొదటి అక్షరం దగ్గరే ప్రమాదం ఉంది. 'ప' తలకట్టు అక్షరానికి అంటకూడదు. లావు చేసినప్పుడు ఆ సందు మూసుకుపోతే అది 'వ'లా కనబడుతుంది. 'ఆత్రేయపురం'లో 'త్రే' కింది రావత్తుకు కూడా ముందే చోటు వదలండి. ఉచితంగా దొరికే ఫాంట్లలో రామభద్ర శీర్షికలకు తగిన బొద్దు అక్షరం. దానితో మొదలుపెట్టి, సందులను మాత్రం చేత్తో సవరించుకోండి.

జవాబు 3 (నరసాపురం నుంచి)

నాకు అక్షరం నచ్చింది కానీ సరుకు గురించి ఒక్క సందేహం. పూతరేకు ఉల్లిపొర వంటిది, దాని మీద ఇంత బరువైన అక్షరం ఎలా నప్పుతుంది? ధాన్యం బస్తా మీదైతే మాట్లాడేదే లేదు. పేరు ఒక్కటే లావుగా ఉంచి, తక్కినదంతా సన్నని అక్షరాలతో వేస్తే బాగుంటుందేమో ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు (అమలాపురం నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. వేలు పెట్టి చూశాను, మావి వంపున్నవే. నిన్న రాత్రి 'పూతరేకులు' ఒక్క మాటను మూడు మందాలలో అచ్చు తీసి, గోడకు అంటించి పది అడుగుల దూరం నుంచి చూశాను. అన్నిటికంటే లావుదానిలో 'ప' నిజంగానే 'వ' అయిపోయింది, మధ్యదానిలో సందు స్పష్టంగా నిలిచింది. నరసాపురం వారి మాట ప్రకారం ఊరి పేరునూ తూకాన్నీ సన్న అక్షరాలకు మార్చి, ఆ మధ్య మందం నమూనానే బావగారికి పంపుతున్నాను.