పాత డీజిల్ ట్రాలీకి పని చేయించాలా, కొత్తది తీసుకోవాలా?

పరకాల ట్రాలీ:
అన్నలందరికీ నమస్తే. నాది 2013 మోడల్ డీజిల్ పికప్, ఇంకా ఏపీ 36 నంబరే. 2 లక్షల 60 వేల కిలోమీటర్లు తిరిగింది. మిర్చి టైంలో ఊళ్ల నుంచి ఎనుమాముల మార్కెట్‌కు, వానాకాలం యూరియా బస్తాలు, మిగతా రోజులు టెంట్ హౌస్ సామాను. ఏడాది సగటు తీస్తే నెలకు 1,500 కిలోమీటర్లు దాటదు. పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ కొడుతోంది. మెకానిక్ ఒకాయన బోర్ పని (ఇంజన్ విప్పి సిలిండర్లు, రింగులు బాగుచేయడం) పడుతుంది, 60 వేలు పెట్టుకో అన్నాడు. కమాన్ కట్టలకు (బరువు మోసే స్ప్రింగ్ పట్టీలకు) 18 వేలు, వెనక డాలా (సరుకు పెట్టే తొట్టి) వెల్డింగ్‌కు 10 వేలు వేరే. మా బావమరిదేమో "ముసలి బండికి ఎంత పెట్టినా బూడిదలో పోసినట్టే. 9 లక్షలకు కొత్తది వస్తది, లక్షన్నర కట్టు, మిగతాది ఫైనాన్స్" అంటున్నాడు. పైగా పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు పట్టుకుంటున్నారని వాట్సాప్‌లో తిరుగుతోంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జమ్మికుంట:
పదేళ్ల సంగతి ముందు తలలోంచి తీసేయ్ తమ్ముడూ. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాల లొల్లి. 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. మన దగ్గర నీకు కావాల్సింది ఫిట్‌నెస్. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండి కాబట్టి ఏటేటా ఫిట్‌నెస్ టెస్టుకు పెట్టాలి, అంతే.

ఆటోనగర్ మెకానిక్:
60 వేలు అన్నాయన ఏదైనా విప్పి చూశాడా, పొగ చూసి చెప్పాడా? నేను 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని మాత్రమే అర్థం. ఎక్కడి నుంచి దిగుతోందో పొగ చెప్పదు.

నువ్వే ఇంటి దగ్గర ఒక పని చెయ్. బండి పది కిలోమీటర్లు తిప్పి ఇంజన్ బాగా వేడెక్కాక ఆపకుండా బానెట్ ఎత్తు. ఆయిల్ పోసే మూత విప్పి, అదే రంధ్రం మీద తిరగేసి పెట్టు. చెయ్యి కాలకుండా గుడ్డ పట్టుకో. మూత కొద్దిగా వణికితే ఫర్వాలేదు. ఎగిరెగిరి పడుతూ కింది నుంచి పొగ బుసబుసా వస్తుంటే రింగులు పోయినట్టు, అప్పుడు బోర్ పని తప్పదు. ఇంకోటి, పొగ ఎప్పుడు వస్తోందో చూడు. రాత్రంతా నిలబడ్డ బండి పొద్దున అర నిమిషం పొగ ఇచ్చి మానేస్తే ఎక్కువ శాతం వాల్వ్ సీళ్లే, అంటే పైనుంచి ఆయిల్ కారకుండా ఆపే చిన్న రబ్బర్లు. లోడుతో గడ్డ ఎక్కేటప్పుడు కూడా కొడితే కథ వేరు. దేనికైనా డబ్బులు పెట్టే ముందు గేజ్ పెట్టించి నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, చూపించుకో.

అసలు భయపడాల్సింది ఇంజన్‌కు కాదు. యూరియా మోశానన్నావు కదా, ఎరువు తడి ఇనుమును తినేస్తుంది. బండి కిందికి దూరి, వెనక కమాన్ బ్రాకెట్ ఛాసిస్‌కు (బండి కింది ఇనుప చట్రానికి) అతుక్కునే చోట మట్టి గీకి చూడు. చిన్న సుత్తితో కొట్టు. గణగణ మోగితే మంచిది. దబ్ దబ్ అని పొరలు రాలినా, రివిట్ల పక్కన వెంట్రుకవాసి చీలిక కనబడినా ఆ బండి మీద పైసా పెట్టకు, అమ్మేయ్. ఇంజన్ మార్చుకోవచ్చు, వెన్నెముక మార్చలేం.

పరకాల ట్రాలీ:
చూశానన్నా. మూత వణికింది గానీ ఎగరలేదు. పొగ పొద్దున కాసేపే, పస్రా వైపు లోడుతో పోయినా కనబడలేదు. ఛాసిస్ మోగింది. డాలా రేకు మాత్రం స్క్రూడ్రైవర్ పొడిస్తే కిందికి దిగింది.

ఆటోనగర్ మెకానిక్:
డాలా రేకు పోతే పోనీ, అది చొక్కా. కంప్రెషన్ బాగుంటే సీళ్లతో తేలిపోతుంది, 60 వేల మాట మర్చిపో.

హనుమకొండ లెక్కలాయన:
అసలు 88 వేలూ పడ్డా సరే, లెక్క చూడండి. ఏడున్నర లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, 4 ఏళ్లు అనుకుంటే కిస్తీ 19,400 దాకా వస్తుంది. అంటే మీ రిపేరు మొత్తం నాలుగున్నర కిస్తీలు. డీజిల్ మిగులుతుంది అంటారు సేల్స్ వాళ్లు. పాతది లీటరుకు 10, కొత్తది 13 ఇచ్చినా, 1,500 కిలోమీటర్లకు మీకు మిగిలేది 35 లీటర్లు. లీటరు 96 వేసుకున్నా 3,300 రూపాయలు. మిగతా 16 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? థర్డ్ పార్టీ బీమా రెండింటికీ ఒకటే, 16 వేల పైచిలుకు. కానీ ఫైనాన్స్ బండికి ఫుల్ బీమా అడుగుతారు, అది అదనం. జూన్‌లో కిరాయిలు లేకపోయినా కిస్తీ ఆగదు.

ములుగు రోడ్:
నేను ఒప్పుకోను సార్. నేను పోయినేడు కొత్తది తీసుకున్నా, నెలకు 4,000 తిప్పుతా. డీజిల్‌లోనే దగ్గర దగ్గర 9 వేలు మిగులుతున్నాయి. పాత బండి ఒకసారి మిర్చి లోడుతో రోడ్డు మీద ఆగింది, వేరే బండి పిలిచి బస్తాలు మార్చేసరికి కిరాయి పోయింది, ఆ రైతు మళ్లీ నన్ను పిలవలేదు. అది ఏ లెక్కలో వేస్తారు?

హనుమకొండ లెక్కలాయన:
మీ 4,000కు మీది కరెక్టే. ఆయనది 1,500.

ఆటోనగర్ మెకానిక్:
ఇంకో మాట. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (కొత్త పొగ రూల్) డీజిల్ బండ్లకు సైలెన్సర్ లైన్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటాం. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు బండి ఒకే స్పీడ్‌లో కొంతసేపు పోవాలి. ఊరు నుంచి ఊరికి నాలుగు కిలోమీటర్లు, మార్కెట్ గేటు దగ్గర గంటసేపు ఇంజన్ ఆన్‌లో నిలబెట్టడం, ఇట్లా నడిపితే ఫిల్టర్ నిండి మీటర్‌లో హెచ్చరిక లైటు వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా తిప్పిన వాళ్లే నా దగ్గరికి ఏడుస్తూ వస్తారు. సెకండ్ హ్యాండ్ బీఎస్ 6 చూస్తే ఆ ఫిల్టర్ ఉందో, పీకేశారో ముందు చూసుకో.

జమ్మికుంట:
రేట్ల సంగతి కూడా. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అంటే కొత్త బండి మీద పన్నే తగ్గింది. కాబట్టి రెండు మూడేళ్ల బండికి ఎవరైనా పాత షోరూం బిల్లు చూపించి బేరం ఆడితే లొంగకు.

పరకాల ట్రాలీ:
కంప్రెషన్ చూపించా, నాలుగూ దగ్గర దగ్గర సమానంగా ఉన్నాయి. సీళ్లు, కమాన్లు చేయిస్తున్నా, డాలాకు కొత్త రేకు వేయిస్తున్నా. మిర్చి ఫిబ్రవరిలో మొదలవుతుంది, ఈలోపు అయిపోవాలి. ములుగు రోడ్ అన్న చెప్పినట్టు రోడ్డు మీద ఆగకుండా రేడియేటర్ పైపులు, ఫ్యాన్ బెల్టు కూడా మార్పిస్తా. మే నెలలో ఫిట్‌నెస్ ఉంది, అప్పుడు ఛాసిస్ ఇంకోసారి కొట్టి చూసి మళ్లీ రాస్తా. బావమరిదికి మాత్రం ఇంకా చెప్పలేదు, ఆయన షోరూంలో 5 వేలు అడ్వాన్స్ ఇచ్చి వచ్చాడట.