పెట్ సీటీలో వెలిగిన గడ్డ: క్యాన్సరా, ఎన్‌టీఎమ్మా (టీబీ క్రిమికి చుట్టాలైన, టీబీ కాని మైకోబాక్టీరియా)?

ప్రశ్న (చెస్ట్ పీజీ, మలక్‌పేట):
62 ఏళ్ల ఆవిడ, పొగ అలవాటు లేదు. మూడు నెలలుగా దగ్గు, 4 కిలోలు తగ్గారు. కుడి ఊపిరితిత్తి పై లోబ్‌లో 2.4 సెం.మీ. గడ్డ, అంచులు ముళ్లుముళ్లుగా ఉన్నాయి, ఎస్‌యూవీ (పెట్ సీటీలో గడ్డ గ్లూకోజ్‌ని లాగే కొలత) 6.8. సీటీ గైడెడ్ బయాప్సీలో క్యాన్సర్ కణాల్లేవు, గ్రాన్యులోమా (వాపు కణాల ముద్ద) ఉంది. ముక్కలన్నీ ఫార్మాలిన్‌లోనే (అందులో క్రిములు బతకవు) వెళ్లిపోయాయి. తెమడలో ఏఎఫ్‌బీ (టీబీ కుటుంబపు కడ్డీ క్రిములు) 1+, సీబీనాట్‌లో (టీబీ జన్యు పరీక్ష) టీబీ రాలేదు. ఏటీటీ (టీబీ మందులు) మొదలుపెట్టమని ఒకరు, లోబ్ తీసేయమని ఇంకొకరు. ముందు ఏం చేయాలి సార్?

జవాబు (మైక్రోబయాలజీ, సికింద్రాబాద్):
రెండూ ఆపండి. స్మియర్ (తెమడని మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) పాజిటివ్, సీబీనాట్ నెగటివ్ అంటే మొదటి అనుమానం ఎన్‌టీఎం మీదే. స్మియర్‌లో టీబీ అయినా, ఇదైనా ఒకేలాంటి ఎర్రటి కడ్డీలు.

పొద్దున్నే తీసిన తెమడ, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్ష) పంపండి. పుక్కిలించడానికి నల్లా నీళ్లు ఇవ్వకండి, ఈ క్రిములు ఉండేదే అందులో. స్టెరైల్ నీళ్లే ఇవ్వాలి. బ్రాంకోస్కోప్ చివరిసారి కడిగేటప్పుడూ అంతే, లేకపోతే రోగిలో లేని క్రిమి రిపోర్టులోకి వస్తుంది. శాంపిల్స్ ఇచ్చేదాకా అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ రాయొద్దు.

లిక్విడ్ కల్చర్ 42 రోజులు ఉంచాలి. పెరిగినదానికి ఎంపీటీ64 కార్డులో (టీబీ క్రిమి ప్రోటీన్‌ని పట్టే పరీక్ష) గీత రాకపోతే ‘ఎన్‌టీఎం’ అని రాసి వదిలేస్తారు. అది చాలదు, ఎల్‌పీఏతో (జన్యు పట్టీ పరీక్ష) జాతి తేల్చమనండి. అబ్సెసస్ (ఎన్‌టీఎంలో ఒక జాతి) అయితే క్లారిత్రోమైసిన్ ప్లేటు 14వ రోజు దాకా చూడాలి. మూడో రోజున మందు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, లోపల దాగిన రెసిస్టెన్స్ తర్వాతే బయటపడుతుంది.

జవాబు (పల్మనాలజీ, కూకట్‌పల్లి):
2020 ఎన్‌టీఎం గైడ్‌లైన్ ప్రకారం, జబ్బని తేల్చాలంటే రెండు వేర్వేరు తెమడల్లో ఒకే జాతి పెరగాలి, లేదా బీఏఎల్ (బ్రాంకోస్కోప్‌తో ఊపిరితిత్తి కడిగి తీసిన ద్రవం) ఒక్కదాంట్లో పెరిగినా చాలు. ఈవిడకి గ్రాన్యులోమా ఉంది కాబట్టి ఒక్క తెమడ కల్చర్ వచ్చినా సరిపోతుంది. అయితే లక్షణాలు, సీటీ రెండూ కలవాలి: మిడిల్ లోబ్, లింగులాలో (ఎడమ పై లోబ్ కింది భాగం) బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు వెడల్పవడం), చెట్టు చిగుళ్లలాంటి నోడ్యూల్స్ ఉన్నాయేమో మళ్లీ చూడండి. ఎస్‌యూవీని నమ్ముకోవద్దు, గ్రాన్యులోమాలోని మాక్రోఫేజ్‌లూ (క్రిముల్ని మింగే కణాలు) గ్లూకోజ్‌ని అలాగే లాగేస్తాయి.

నా భయమల్లా వేరే. సూది గడ్డలో కాక పక్కన పడి ఉండొచ్చు, క్యాన్సర్, ఎన్‌టీఎం రెండూ కలిసే ఉండొచ్చు. కల్చర్ కోసం 42 రోజులు కూర్చోకుండా ఇప్పుడే మళ్లీ బయాప్సీ చేయించండి. ఈసారి ఒక ముక్క స్టెరైల్ సెలైన్‌లో కల్చర్‌కి, మిగతావి ఫార్మాలిన్‌లో.

ప్రశ్న (చెస్ట్ పీజీ):
పాత బయాప్సీ బ్లాక్ (మైనంలో దాచిన ముక్క) మీద పీసీఆర్ (క్రిమి డీఎన్‌ఏని వెతికే పరీక్ష) చేయిస్తే పనికొస్తుందా సార్?

జవాబు (మైక్రోబయాలజీ, సికింద్రాబాద్):
చేయించొచ్చు. కానీ ఫార్మాలిన్‌లో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. పాజిటివ్ వస్తే ఆధారమే, నెగటివ్ వస్తే ఏమీ తేలనట్టే. పైగా బ్లాక్‌లోంచి సెన్సిటివిటీ ప్లేటు (ఏ మందు పనిచేస్తుందో చూసేది) పెట్టలేం.