పాత కంపెనీ నా గురించి ఎంతవరకు చెప్పొచ్చు?

కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూలన్నీ అయిపోయాయి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. వాళ్లు పాత ఆఫీసుకు పంపే ఫారం నాకూ చూపించారు. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా వరకు ఇబ్బంది లేదు. కింద మాత్రం "మానేయడానికి కారణం", "ఈ వ్యక్తిని మళ్లీ తీసుకుంటారా?" అని రెండు గళ్లున్నాయి. ఆ రెండోది చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నోటీస్ పీరియడ్ పూర్తి చేశాను, రిలీవింగ్ లెటర్ చేతిలో ఉంది. కానీ మేనేజర్‌కు, నాకు చివర్లో అస్సలు పడలేదు.

నాకు అర్థమైనంతలో, చాలా కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు తేదీలు, హోదా తప్ప ఇంకేమీ చెప్పకపోవడం వాళ్లు పెట్టుకున్న నియమమే, చట్టం కాదు. నిజం చెబితే సాధారణంగా తప్పు పట్టలేం. కావాలని అబద్ధం చెబితే పరువు నష్టం కిందికి రావచ్చు. బ్రిటన్‌లోనైతే రిఫరెన్స్ ఇచ్చేవాళ్లు తగిన జాగ్రత్త తీసుకుని రాయాలని 1994లోనే అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది.

నా అసలు సందేహం అభిప్రాయాల గురించి. "టీమ్‌తో కలవడు" లాంటి మాటకు రుజువేముంటుంది? అదీ ఫోన్‌లో చెబితే? నేను తీసుకున్న సిక్ లీవుల వివరాలు, జబ్బు పేరు కూడా చెప్పేయొచ్చా? వెరిఫికేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం అడుగుతున్నారు. అది పెడితే ఇవన్నీ చెప్పడానికి నేనే అనుమతి ఇచ్చినట్టా?

హెచ్‌ఆర్‌లో పనిచేసినవాళ్లు, లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మేనేజర్ బదులు హెచ్‌ఆర్ నంబర్ ఇస్తే అనుమానిస్తారా?