పగడం అంటే ఏ పగడం?

ప్రశ్న: మంగళసూత్రంలో గుచ్చుకునే పగడం, లక్షద్వీప్‌లో దిబ్బలు కట్టే పగడం ఒకటేనాండీ? ఇంటర్ జంతుశాస్త్రంలో సీ అనిమోన్‌ని కూడా పగడాలుండే ఆంథోజోవా తరగతిలోనే వేశారు. ఒంట్లో ఎముక ముక్క లేని ఆ మెత్తటి జీవి పగడానికి చుట్టమెలా అయింది?

జవాబు: ఒకటి కాదండీ. తమాషా ఏమిటంటే, దిబ్బ కట్టే పగడానికి నగలో పగడం కంటే ఆ మెత్తటి సీ అనిమోనే దగ్గర చుట్టం.

నగలకు వాడే ఎర్ర పగడం కొరాలియం. మధ్యధరా సముద్రంలోది పేరున్న రకం. దాని పాలిప్, అంటే కొమ్మ మీదుండే ఒక్కో చిన్న జీవి, తెల్లగా విచ్చుకున్నప్పుడు లెక్కపెడితే నోటి చుట్టూ సరిగ్గా ఎనిమిది స్పర్శకాలుంటాయి (ఎర పట్టే వేళ్లలాంటివి), ఒక్కోదానికీ రెండు పక్కలా ఈకకున్నట్టు కుచ్చులు. ఎర్రటి గట్టి భాగం కొమ్మ లోపల ఉంటుంది, పాలిప్‌లు దాని మీది మెత్తటి తొడుగులో ఉంటాయి. దిబ్బ పగడం సంగతి వేరు. స్పర్శకాలు సాధారణంగా ఆరు లెక్కన పెరుగుతాయి, కుచ్చులుండవు, పాలిప్ తాను కట్టుకున్న సున్నపు గిన్నెలో కూర్చుంటుంది. సీ అనిమోన్‌లలోనూ ఎక్కువగా ఆ ఆరు లెక్కే కనిపిస్తుంది. డీఎన్ఏ కూడా అదే చెబుతోంది. నగల పగడముండే ఎనిమిది శాఖ, దిబ్బ పగడమూ సీ అనిమోనూ ఉండే ఆరు శాఖ విడిపోయి 50 కోట్ల ఏళ్లు దాటిందని అంచనా. మీ పాఠ్యపుస్తకంలో ఒకే వరసలో ఉన్న అడమ్సియా (సీ అనిమోన్), మీయాండ్రినా (దిబ్బ పగడం) ఆరు శాఖవి, పెన్నాట్యులా (సీ పెన్), గార్గోనియా (సీ ఫ్యాన్) ఎనిమిది శాఖవి. ఆ ముక్క అక్కడే రాసుంటే పిల్లలకు బట్టీ తప్పేది.

ఇక ఎముక సంగతి. 2007లో మావోజ్ ఫైన్, డాన్ చెర్నోవ్ రెండు జాతుల రాతి పగడాలను ఆమ్లత పెంచిన సముద్రపు నీళ్లలో ఉంచారు. గిన్నెలు కరిగిపోయాయి, పాలిప్‌లు మాత్రం చావలేదు, చూడ్డానికి సీ అనిమోన్‌లలాగే బతికాయి. మామూలు నీళ్లలోకి మార్చాక మళ్లీ గిన్నెలు కట్టుకున్నాయి! కాబట్టి ఎముక ఉందా లేదా అన్నది చూసి చుట్టరికం తేల్చలేం.

ఇంకొకరు: నిఘంటువుల్లోనూ ఇదే తికమక. ప్రవాళమంటే పగడమూ, చిగురూ. విద్రుమంలో 'ద్రుమం' అంటే చెట్టే. మనవాళ్లూ మొక్కే అనుకున్నారా?

జవాబు: కొమ్మలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది లెండి. ఐరోపాలోనూ అంతే. అక్కడ పగడానికి పూసే 'పూలు' నిజానికి జంతువులని 1720లలో పేసోనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు చెబితే పెద్దలు ముందు కొట్టిపారేశారు.

ఇంకొకరు: మరి ఫైర్ కోరల్? ముట్టుకుంటే మండుతుందంటారే!

జవాబు: అది మిల్లెపోరా, ఈ రెండు శాఖల్లోనూ లేదు. హైడ్రా తరగతిది. సున్నం కట్టడం ఒక్కటే పోలిక.

అందుకే అనువాదంలో ఉత్త 'పగడం' అని వదిలేయకండి. దిబ్బ కట్టేదాన్ని 'రాతి పగడం' అనండి, నగలదాన్ని 'ఎర్ర పగడం' అనండి. సీ అనిమోన్‌కి ఒకరు 'సముద్ర పుష్పం' అని రాశారు, నాకైతే నచ్చలేదు. చేపను పట్టి మింగే జీవిని పువ్వు అనడం కంటే సీ అనిమోన్ అనే ఉంచడం మేలు.